నీలం గీత

మూడో అంతస్తు, ఉత్తరపు గది
ఫిబ్రవరి 11

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. దాంతోపాటు నాలుగు మడతలు పెట్టి పంపిన రంగుల కాగితం కూడా అందింది. ఏ మందుల కొట్టువాళ్ళో పంచిన ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వెయ్యబోయాను. మీ అక్క చేతిలోంచి లాక్కుని, "అది తమ్ముడి వీధి పటమండీ" అంది. పటమట!

ముప్ఫై నాలుగేళ్ళు మీ ఊళ్ళోనే పటాల ఆఫీసులో పనిచేసినవాణ్ణి. అందులో పదకొండేళ్ళు హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ కుర్చీలో కూర్చున్నాను. ఉద్యోగంలో చేరిన ఆర్నెల్ల దాకా మమ్మల్ని కలం ముట్టనివ్వలేదు, పెన్సిళ్ళు చెక్కించారు. వెంట్రుకంత గీత తిన్నగా రావడానికి రెండేళ్ళు పట్టింది. నువ్వేమో బస్సు డ్రైవరుగా రిటైరై రెండేళ్ళు తిరక్కుండానే, కిరాణా కొట్టాయన, ఇస్త్రీ ఆవిడ, స్కూలు లైబ్రేరియనమ్మ, నువ్వు, నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని వీధులెంబడి తిరిగి నెల రోజుల్లో పటం తయారుచేశారు. ఇంకేం, వచ్చే నెల కిరాణా కొట్టాయన వంతెన కడతాడు. ఆ పై నెల ఇస్త్రీ ఆవిడ గుండె ఆపరేషన్లు మొదలుపెడుతుంది. ఫోనుంటే చాలు కదా!

"ఫోన్లో మాట్లాడితే ఒక్క నిమిషంలో తేలిపోయేదానికి ఉత్తరాలేమిటి బావా" అని విసుక్కున్నావు. నాకు ఫోను లేదు, రాదు, అక్కర్లేదు. ఒక్క నిమిషంలో తేలిపోయే మాటలు తేలికగానే ఉంటాయి.

మీ పటంలో పదిహేడు తప్పులు ఎర్ర సిరాతో గుర్తుపెట్టి తిరిగి పంపుతున్నాను. గోడకి తగిలించుకోండి, చంటిపిల్లలు గీసిన పిల్లి బొమ్మ పక్కన.

ఆశీస్సులతో,
మీ బావ


పల్లపు వీధి, నాలుగో ఇల్లు
ఫిబ్రవరి 20

బావగారికి నమస్కారాలు.

మీ ఎర్ర సిరా చూసి మా లైబ్రేరియనమ్మ ముక్కున వేలేసుకుంది. "ఇంత ఓపిగ్గా తిట్టేవాళ్ళు ఇంకా ఉన్నారా అండీ" అంది. పదిహేడింటిలో పదహారు దిద్దేశాం. మంచి తప్పులే పట్టారు, మీ గొప్పతనం ఎక్కడికీ పోలేదు. పదిహేడోది మాత్రం దిద్దం. "వీధి చివర గోడ కాదు, దారి ఉంది" అని రాశారు. బావగారూ, గోడే ఉంది. రోజూ దానిమీదే నా చొక్కాలు ఆరేసుకుంటున్నాను. దారి మీ ఆఫీసు పటంలో ఉంది.

ఆ దారి సంగతి మీకు ఇదివరకు రాయలేదు. కిందటి వానాకాలంలో మా వీధిలో నీళ్ళు కిటికీల దాకా వచ్చాయి. వెనక వాటాలో సంగీతం మాస్టారు ఉండేవారు. ఒంటరి మనిషి, ఊపిరాడని జబ్బు. మేం నలుగురం ఆయన్ని బల్లమీద పడుకోబెట్టి, ఆ బల్ల ఎత్తి పట్టుకుని నిలబడ్డాం. అంబులెన్సు వచ్చింది, కానీ మీ ఆఫీసు పటం చూసుకుని గోడకి అవతలి వైపు వచ్చింది. సైరన్ మాకు వినబడుతూనే ఉంది. డ్రైవరు చుట్టూ తిరిగి మా వీధి మొగలోకి వచ్చేసరికి నలభై నిమిషాలయింది. అప్పటికి మాస్టారి చెయ్యి నా చేతిలో చల్లబడింది.

పటం మా సరదా కోసం గీసుకోలేదు, బావగారూ.

ఇంకో మాట. వీధి చివర మిగిలిన ఒకే ఒక్క ఖాళీ స్థలంలో, సెల్లారు తవ్వి అయిదంతస్తులు కడతానని ఒక బిల్డరు అర్జీ పెట్టాడు. ఆ కాస్త నీళ్ళూ పోయేది అక్కణ్ణుంచే. అభ్యంతరం చెప్పడానికి కాగితాలు వెతుకుతుంటే, మీ సర్వే శాఖవాళ్ళు పాత పటాలన్నీ స్కాన్ చేసి ఇంటర్నెట్లో పెట్టారని లైబ్రేరియనమ్మ కనిపెట్టింది. ఎవరైనా చూడొచ్చట, ఎవర్నీ బతిమాలక్కర్లేదట. అందులో అరవై ఏళ్ళనాటి షీటులో మా వీధి మధ్యగా ఒక నీలం గీత ఉంది. అది దేని గుర్తు? మీకన్నా తెలిసినవాళ్ళు నాకెవరున్నారు!

మా ఇంటికి ఒక్కసారి రండి అని మూడేళ్ళ నుంచీ పిలుస్తున్నాను. ఎప్పుడూ ఏదో ఒక వంక చెబుతారు.

మీ బావమరిది, మీరు పెట్టిన పేరుతో
స్టీరింగు


మూడో అంతస్తు, ఉత్తరపు గది
మార్చి 2

బావమరిదికి,

మాస్టారి సంగతి చదివి బాధపడ్డాను. అయితే బాధ వేరు, సర్వే వేరు.

నీలం గీత గురించి అడిగావు కాబట్టి చెబుతున్నాను, శ్రద్ధగా విను. పాత షీట్లలో నీలం గీత అనేక కారణాల వల్ల రావచ్చు. సిరా కారి ఉండవచ్చు. కాగితం మడతలో తేమ చేరి ఉండవచ్చు. స్కాను చేసే యంత్రం అద్దంమీద మరక ఉండవచ్చు. ఎప్పుడో ఎండిపోయిన వాగు కావచ్చు, లేదా ఎవరో తవ్వుదామనుకుని తవ్వని కాలవ కావచ్చు. నీలం రంగు కనబడ్డ ప్రతిచోటా నీళ్ళుంటే నా నీలం చొక్కా జేబులో చేపలు పట్టొచ్చు. అందుకే పటాలు అందరి చేతుల్లోనూ పెట్టకూడదని మేము మొదటినుంచీ మొత్తుకున్నాం. చదవడం రానివాడి చేతిలో పటం అంటే చంటిపిల్ల చేతిలో కత్తెర. మా రోజుల్లో ఒక షీటు చూడాలంటే అర్జీ రాయాలి, సంతకాలు కావాలి, మేము పక్కన నిలబడి చూపించాలి. ఇప్పుడు ఇంట్లో కాళ్ళు బారజాపుకుని పల్లీలు నములుతూ చూస్తున్నారు. చూసి ఏం తెలుసుకున్నారు? నీలంగా ఉందని!

దాన్ని పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి నవ్వులపాలు కావద్దు. తాజా షీటే చెల్లుతుంది, పాతది చెల్లదు. అంతే.

ఆ పాత షీటు నంబరు ఎంత? ఊరికే అడుగుతున్నాను.

మీ బావ


పల్లపు వీధి, నాలుగో ఇల్లు
మార్చి 15

బావగారికి,

నంబరు ఊరికే అడిగారు కనక ఊరికే చెబుతున్నాను. నలభై రెండు.

సిరా కారిందా, మడత పడిందా అని మేమూ అనుమానపడ్డాం. ఎంత చదువురాని వాళ్ళమైనా ఆ మాత్రం అనుమానం మాకూ వస్తుంది. లైబ్రేరియనమ్మ కంప్యూటర్లో పాత షీటు కింద పెట్టి, మా ఫోను పటం దానిమీద పరిచింది. మా ఇస్త్రీ ఆవిడ ఇక్కడ ముప్ఫై ఏళ్ళుగా ఉంటోంది. ఏటా వానాకాలంలో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గోడలమీద పెన్సిలుతో గీత పెట్టి, పక్కన సంవత్సరం వేస్తుంది. ఆ గుర్తులన్నీ ఫోటోలు తీసి, కొలిచి, పటంలో పెట్టాం. ఎక్కువ ఎత్తున్న గుర్తులన్నీ నీలం గీత మీద వరసగా కూర్చున్నాయి. స్కాను యంత్రం మరక మా గోడలమీదికి ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

తర్వాత మీ ఆఫీసువాళ్ళు ఇరవై రెండేళ్ళ కిందట వేసిన కొత్త షీటు తీశాం. అందులో నీలం గీత లేదు. మూలన చిన్న పెట్టెలో ఇలా ఉంది: "స్థలం పరిశీలించబడింది. నీటి జాడ లేదు." కింద సంతకం. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ చేతిరాత ఏటా నాలుగు ఉత్తరాల్లో చూస్తూనే ఉన్నాను.

ఇస్త్రీ ఆవిడే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి చెప్పుకొచ్చింది. కొత్త పటం వేస్తున్నారని తెలిసి అప్పట్లో ఆవిడ మీ ఆఫీసుకి మూడుసార్లు వెళ్ళిందట. మూడోసారి చెవిలో కలం పెట్టుకున్న ఒకాయన తలెత్తి చూశాడట.

"ఏమ్మా, పటం చదవడం వచ్చా నీకు?"

"రాదండీ. వాగు తెలుసండీ. వానొస్తే మా గుమ్మం ముందునుంచే పోద్ది."

"పటంలో లేని వాగు నేలమీదికి ఎక్కణ్ణుంచి వస్తుందమ్మా?" అని, గదిలో ఉన్నవాళ్ళందరి వైపూ చూసి నవ్వాడట. అందరూ నవ్వారట.

"ఎవరో ఏమో బాబూ, పేరు తెలీదు. నవ్వు మాత్రం గుర్తుంది" అంది ఆవిడ.

నేను చెప్పలేదు. చెప్పకూడదనే అనుకుంటున్నాను. మీరేమంటారు?

మీ బావమరిది


మూడో అంతస్తు
మార్చి 24

బావమరిదికి,

పోలీసు ప్రశ్నలు వేస్తున్నావు. నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఆ ఆఫీసులో కప్పు కాఫీ కూడా ఎవరిచేతా తాగించుకోని మనిషిని. "ఎండిన వాగులు తీసెయ్యండి, కొత్త షీటు శుభ్రంగా ఉండాలి" అని పైనుంచి ఆర్డరు. నేను ఆర్డరు పాటించాను. అప్పుడు అక్కడ ఇళ్ళు పది కూడా లేవు. రోజుకి ఇరవైమంది వచ్చేవాళ్ళు, మా గట్టు జరిగింది, మా బావి పోయింది అని. అందరి మాటా వింటే పటం కాదు, ముగ్గులపొడి అవుతుంది.

ఇస్త్రీపెట్టె పట్టుకునేవాళ్ళు ఇస్త్రీ చెయ్యాలి. స్టీరింగు పట్టుకునేవాళ్ళు బస్సు నడపాలి. ఎవరి పని వాళ్ళు చేస్తే లోకం బాగుంటుంది.

ఇక ఈ విషయం నాకు రాయకు.

బావ

(అదే కవరులో, వేరే చీటీ మీద)

తమ్ముడూ, పోస్టులో వెయ్యమని నాకిచ్చారు, అందుకని ఇది లోపల పెడుతున్నాను. నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి మీ బావ అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నారు. బీరువా పైనున్న పాత నోటు పుస్తకాలన్నీ దింపి భూతద్దం పెట్టి చూస్తున్నారు. నేను గదిలోకి వెళితే మూసేస్తున్నారు. ఆయన్ని జాలిపడి వదిలెయ్యకు. నలభై ఏళ్ళుగా నేను ఏం చెప్పినా "నీకేం తెలుసు" అనే నోరు అది. ఒక్కసారైనా తెలిసినవాళ్ళు చెప్పినట్టు వినాలి.

ఇంకొకటి, ఆయనకి తెలీదు. ఫోన్లో ఎవరైనా గియ్యగల మీ పటంలో ఇక్కడి మా వీధి కూడా ఉంది చూశావా? పార్కు, రెండు మలుపులు, పాలబూత్ అన్నీ? అది గీసింది నేనే. కూరలకి వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెం గీశాను. ఫోను బియ్యం డబ్బాలో ఉంటుంది.

అక్క


పల్లపు వీధి, నాలుగో ఇల్లు
ఏప్రిల్ 8

హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారికి,

రాయొద్దన్నారు, అయినా రాస్తున్నాను. ఇది బావగారికి రాస్తున్నది కాదు.

నిన్న మునిసిపల్ ఆఫీసులో మొదటి విచారణ జరిగింది. మేం నలుగురం వెళ్ళాం. మా పటం చూపించాం, గోడల ఫోటోలు చూపించాం. బిల్డరు తరఫు లాయరు మా కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు, తడిగుడ్డ పట్టుకున్నట్టు. "అయ్యా, ఇది ఒక కిరాణా కొట్టాయనా, ఒక ఇస్త్రీ ఆవిడా, ఒక బస్సు డ్రైవరూ ఫోనుతో గీసుకున్న బొమ్మ. రేపు వీళ్ళే తీర్పు కూడా ఫోన్లో రాసుకొస్తారు" అన్నాడు. గదంతా నవ్వింది. ఆ మాటలు ఎక్కడో చదివినట్టనిపించింది. ఇంటికొచ్చి మీ ఫిబ్రవరి ఉత్తరం తీసి చూసుకున్నాను. అంతకంటే మీరే బాగా తిట్టారు, ఆ గౌరవం మీదే.

తర్వాత అతను మీ షీటు బల్లమీద పరిచాడు. స్థలం పరిశీలించబడింది, నీటి జాడ లేదు. "ఇది అర్హత ఉన్న అధికారి స్వయంగా వెళ్ళి చూసి సంతకం పెట్టింది" అన్నాడు. విచారణాధికారి మంచివాడే. కానీ ఆయన కూడా "దీనికి మీరేమంటారు?" అని మమ్మల్నే అడిగాడు. మేమేం అంటాం? మాకు అర్హత లేదు కదా.

రెండో విచారణ ఈ నెల ముప్ఫైన. మీ షీటు నిలబడితే జూన్‌కి ముందే సెల్లారు తవ్వేస్తారు. వానలకి మా వీధి చెరువవుతుంది. వెనక వాటాలో ఇప్పుడు బాలింత ఉంటోంది.

మిమ్మల్ని రమ్మని అడగను. రావొద్దనీ అనను. ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు స్థలం పరిశీలించారా?

బస్సు డ్రైవరు


ఉత్తరపు గది
ఏప్రిల్ 17

బావమరిదికి,

పరిశీలించలేదు.

"ఎండిన వాగులు తీసెయ్యండి" అని ఆర్డరు వచ్చిందని రాశాను. అది సగమే. "తీసే ముందు వెళ్ళి చూసి రండి" అన్నది మిగతా సగం. ఆ సగం రాయడానికి చెయ్యి రాలేదు. నా పాత నోటు పుస్తకంలో చూశాను, ఆ వారమంతా నేను ఆఫీసులోనే ఉన్నాను. ఎండ ఎక్కువగా ఉందనుకుంటాను, లేదా మనసు పుట్టలేదు. గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని నెల రోజులు వెతికాను, దొరకలేదు. వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాశాను, మీ వీధి చివరి దారి కూడా అలా చూడకుండా గీసిందే. ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను.

ఆ తర్వాత ఆవిడ వచ్చింది. నవ్వింది నేనే. కానీ ఆవిడ నీకు చెప్పనిది ఒకటుంది. మర్యాద కొద్దీ చెప్పలేదేమో. నేను నవ్వాక ఆవిడ నా బల్లమీది గ్లాసులో వేలు ముంచి, బల్ల అద్దంమీద నీళ్ళతో వాగు గీసి చూపించింది. ఇక్కడ వంపు తిరుగుద్దండీ, ఇక్కడ రెండు పాయలవుద్దండీ అని. నలభై రెండో నంబరు షీటు నాకు కంఠతా వచ్చు. ఆవిడ గీసింది వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది. కలం లేదు, కొలబద్ద లేదు, నాలాగా ఆర్నెల్లు పెన్సిళ్ళు చెక్కలేదు. నేను రెండేళ్ళకి నేర్చుకున్నది ఆవిడ తడివేలితో గీసింది.

అది సరైనదని తెలిసి తెలిసే గుడ్డ తీసుకుని తుడిచేశాను. "షీటు తడుస్తుందమ్మా, అవతలికి వెళ్ళు" అన్నాను. దిద్దాలంటే అయిదు నిమిషాల పని. కానీ ఒక ఇస్త్రీ మనిషి చెబితే నేను దిద్దుకోవడమా అనిపించింది. ఇంతే. దీనికోసం మాస్టారి ప్రాణం పోయింది. లంచం తిన్నవాడికైనా కడుపు నిండుతుంది, నేను ఉట్టి పొగరుతో చేశాను.

మీ వీధికి ఎందుకు రాలేదో ఇప్పుడు నీకు తెలిసిందనుకుంటాను. నువ్వు అక్కడ ఇల్లు తీసుకున్నావని తెలిసినప్పటినుంచీ వాన పడితే నాకు భయం.

ముప్ఫైన వస్తున్నాను. స్టేషనుకి రాకు. మీ ఇంట్లో దిగను, దిగే మొహం లేదు.

బావ


పల్లపు వీధి, నాలుగో ఇల్లు
మే 6

బావగారికి నమస్కారాలు.

విచారణ అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఇంటికెళ్ళి అక్కకి సగమే చెప్పారట. సగం చెప్పే అలవాటు మీకు ఇంకా పోలేదు. అందుకని మొత్తం రాస్తున్నాను, అక్కకి చదివి వినిపించండి.

అక్కా, బావ లేచి నిలబడి, "ఆ సంతకం నాది, ఆ వాక్యం అబద్ధం" అన్నారు. లాయరు వెంటనే అందుకున్నాడు.

"మీరు అక్కడికి వెళ్ళలేదంటున్నారు. మరి వాగు ఉందని ఇప్పుడు ఏ ఆధారంతో చెబుతున్నారు?"

"ఆవిడ చెప్పింది" అని బావ ఇస్త్రీ ఆవిడని చూపించారు.

"ఆవిడకి ఏం అర్హత ఉంది?"

"ఆవిడ అక్కడుంది. నేను లేను."

"మీరు ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం ఉన్నవారు. ఈ ఫోను బొమ్మని పటం అంటారా?"

"పదిహేడు తప్పులు పట్టాను. అందులో ఒకటి నా తప్పు. నా షీటులో ఆవిడ గోడలమీది పెన్సిలు గుర్తులు లేవు. ఒక్క మనిషి కూడా నడిచి గీసింది కాదు నాది."

ఈసారి గదిలో ఎవరూ నవ్వలేదు.

అధికారి అనుమతి ఆపేశాడు. వానలకి ముందే మళ్ళీ సర్వే చెయ్యాలని రాశాడు. మా పటం, ఫోటోలు రికార్డులో చేర్చుకున్నాడు. లాయరు వెళుతూ వెళుతూ లైబ్రేరియనమ్మని ఆ పాత షీట్లు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. "ఇంట్లో కూర్చుని పల్లీలు నములుతూ చూసుకోవచ్చండీ" అంది. మీ మాటే. మీ ఉత్తరాలు ఆవిడకి చదివి వినిపించినందుకు క్షమించండి.

ఇక మీరు వినకుండా వెళ్ళిపోయింది. మీరు నోరు విప్పగానే ఇస్త్రీ ఆవిడ గుర్తుపట్టేసింది. బయటికొచ్చాక నేను అసలు సంగతి చెప్పాను, మీరు నాకేమవుతారో కూడా చెప్పాను. బస్సెక్కాక ఆవిడ అంది:

"పటాల ఆఫీసు నుంచి మన వీధికి బస్సులో పావుగంట. ఆయనకి ఇరవై రెండేళ్ళు పట్టింది. అది కూడా వీధి దాకా రాకుండానే వెనక్కి పోయాడు."

మెత్తగా చెబుదామని చూశాను, కుదర్లేదు. ఆవిడ అన్నట్టే రాశాను.

మీ బావమరిది


మూడో అంతస్తు, ఉత్తరపు గది
మే 14

చిరంజీవి బావమరిదికి,

మీ అక్కకి మొత్తం చదివాను. ఇస్త్రీ ఆవిడ మాట దగ్గర ఆగిపోతే, "ఆపారేం, చదవండి" అంది.

నాతో పనిచేసినవాళ్ళు ఇద్దరు ఉత్తరాలు రాశారు. ఆఫీసు పరువు బజారుకీడ్చానట. ఎవడో అడ్డమైనవాడు ఫోనులో ఏదో చూశాడని సీనియర్ మనిషి వెళ్ళి తల దించుకోవడమేమిటని ఒకడు. నా దస్తూరీయే అనుకున్నాను చదువుతుంటే. పొగరుకి అందరిదీ ఒకే దస్తూరీ. సర్వే శాఖ నుంచి నాకు సంజాయిషీ నోటీసు కూడా వచ్చింది. జవాబు ఒక్క వాక్యంలో రాసి పంపాను. ఇన్నేళ్ళలో నేను రాసిన వాటిలో పొట్టి వాక్యం అదే, నిజమైంది కూడా.

కొత్త సర్వేకి నన్ను పిలవలేదు. పిలవరు కూడా, పిలవకపోవడమే న్యాయం. అయినా వస్తున్నాను, పటం గియ్యడానికి కాదు. వాగు ఏ దారిన పోతుందో మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి నడిచి చూడాలి. ఆవిడ ముందు నడుస్తానంటే వెనక నడుస్తాను. రానంటే వీధి మొగలోంచే తిరిగి వచ్చేస్తాను, బతిమాలను, నా తరఫున నువ్వూ బతిమాలకు.

ఆవిడ పని ఏ రోజున, ఏ వేళకి తెములుతుందో అడిగి రాయి. ఆ వేళకే వస్తాను.

మీ బావ